అవొరాకి/మౌంట్ కుక్ జాతీయ ఉద్యానవనం

అవొరాకి/మౌంట్ కుక్ జాతీయ ఉద్యానవనం న్యూజిలాండ్ దక్షిణ దీవిలోని సదరన్ ఆల్ప్స్ పర్వతశ్రేణిలో ఉన్న రక్షిత ప్రాంతం. 1953లో ఏర్పడింది. దీని విస్తీర్ణం 700 చ.కి.మీ.కు పైనే; అందులో దాదాపు 40 శాతం హిమానీనదాలే. దేశంలో అత్యున్నత శిఖరమైన అవొరాకి (3,724 మీ.) ఇక్కడే ఉంది. న్గాయ్ తహు మావోరీలకు ఇది పవిత్ర పర్వతం. 1894 డిసెంబరు 25న తొలిసారి ముగ్గురు న్యూజిలాండ్ పర్వతారోహకులు దీన్ని అధిరోహించారు. 1948లో దక్షిణ శిఖరరేఖ మీదుగా తొలిసారి ఎక్కిన బృందంలో ఎడ్మండ్ హిల్లరీ ఉన్నాడు.

దేశంలోకెల్లా పొడవైన టాస్మాన్ హిమానీనదం 20 కి.మీ.కు మించి సాగుతుంది. ఇది కరిగి వెనక్కి తగ్గడంతో 1970ల తర్వాత దాని అంచున సరస్సు ఏర్పడి పెరుగుతోంది. మంచు రాపిడికి నలిగిన మెత్తని రాతిపొడి కలవడం వల్ల నీరు మసకబారి బూడిదరంగులో కనిపిస్తుంది. సందర్శకులు ఎక్కువగా నడిచే హుకర్ లోయ కాలిబాట రానూపోనూ సుమారు 10 కి.మీ. వేలాడే వంతెనలు దాటి సాగే ఈ దారి హుకర్ సరస్సు వద్ద ముగుస్తుంది. 1990లో యునెస్కో ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించిన తె వాహిపౌనములో ఈ ఉద్యానవనం భాగం.