ధూళికి లోబడని ఛాయలు



మన పూర్వులు తాళపత్రములకు నూనె రాచి, చెక్కబద్దల నడుమ బిగించి, వస్త్రమున చుట్టి దాచిరి. అందుచేతనే ఎన్నో గ్రంథములు మన చేతికందినవి. గడచిన రెండు శతాబ్దములలో చరిత్రకు మరియొక సాక్షి లభించెను. అదియే ఛాయాచిత్రము. దానికి మూలమగు నెగటివునకు ధూళి పుట్టుకనుండియు శత్రువే.

1851వ సంవత్సరమున ఇంగ్లండు దేశస్థుడగు ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చరు ఒక పద్ధతిని ప్రకటించెను. గాజుపలకపై కొలోడియన్ అను జిగురుద్రవమును పోసి, తడి యారకమునుపే చిత్రమును తీయవలెను. ఆ జిగురుపై వాలిన రేణువు మచ్చయై నిలిచిపోవును. గుడారములో చీకటి కల్పించుకొని పనిచేయు ఛాయాగ్రాహకుల పాట్లు వర్ణింపనలవి కాదు. 1871లో రిచర్డ్ లీచ్ మాడాక్సు అను వైద్యుడు జెలటిను పూసిన పొడిపలకలకు దారి చూపెను. శ్రమ తగ్గెనుగాని ధూళి బెడద తీరలేదు.

హైదరాబాదు రాజ్యమున ఈ విద్యకు కీర్తి తెచ్చినవాడు రాజా దీన్ దయాళ్. ఆయన 1844లో మీరట్టు చెంతనున్న సర్ధనాలో జన్మించి, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కొలువున ఛాయాగ్రాహకుడై, 1905లో గతించెను. ఆయన గాజుపలకలు రెండువేలకు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు చేరినవి.

నెగటివుపై రేణువున్నచో వెలుతురు ఆగిపోయి, అచ్చునందు తెల్లని చుక్క తేలును. సన్నని కుంచెతో రంగద్ది ఆ చుక్కను కప్పుట పూర్వపు పనివారి నేర్పు. పిదప వచ్చిన ఫిల్మునకు వేరొక చిక్కు కలదు. తల దువ్విన దువ్వెన కాగితపు తునకలను లాగునట్లు, పొడిగుడ్డతో రుద్దిన ఫిల్ము ధూళిని లాగికొనును. రుద్దినకొలది దుమ్మే కాదు, గీతలును పెరుగును.

నేడు నెగటివులను స్కానరు అను యంత్రముతో ప్రతి తీయుచున్నారు. కొన్ని స్కానరులు కంటికి కానరాని పరారుణ కిరణములను ప్రసరింపజేయును. రంగుల ఫిల్ములోని వర్ణములు వానిని పోనిచ్చును, ధూళి అడ్డగించును. ఆ భేదమునుబట్టి యంత్రము ధూళిని గుర్తించి, ఆ చోటును పూరించును. అయితే పాత నలుపు తెలుపు నెగటివులలో చిత్రమును ధరించినది వెండి. వెండియు ఆ కిరణములను ఆపును గనుక యంత్రము చిత్రమునే ధూళియని భ్రమించును. మన తాతముత్తాతల రూపములకు మనుష్యుని చేతి జాగ్రత్తయే శరణ్యము.

ఆ జాగ్రత్త కష్టసాధ్యము కాదు. నెగటివును అంచులయందే పట్టుకొనవలెను. నోటితో ఊదరాదు, తుంపరలు పడును. రబ్బరు బుడ్డితో గాలి కొట్టి, మిగిలినదానిని మెత్తని కుంచెతో తేల్చవలెను. స్కానరు గాజుపై నీరు చల్లినచో అంచులనుండి లోనికి దిగును. నూలుపోగులు రాలని గుడ్డను కొంచెము తడిపి తుడువవలెను. ఎన్ని చిత్రములు మార్చినను మచ్చ ఒకేచోట కనబడినచో దోషము గాజుదని యెరుగునది. గాజుపలకలను ఒకదానిపై నొకటి పేర్చక, ఒక్కొక్కదానిని కాగితమున చుట్టి, నిలువుగా నుంచవలెను.

కూలిన గోపురము, పూడిన చెరువు, గతించిన పెద్దల ముఖము ఒక్క నెగటివునందే మిగిలియుండవచ్చును. అటకపై పెట్టె తెరచినప్పుడు దానిని పంచెకొంగుతో తుడువకుడు. ఒక్క తుడుపుతో ఆ ముఖము మరల రాకుండ పోవచ్చును.