ఉప్పెన లెక్కకు అందనిది

కార్తీకమాసంలో గాలి కాస్త బిగిసిందంటే దివిసీమలో వయసు మళ్లినవారు ఇప్పటికీ ఆకాశం వంక చూస్తారు. ఆ చూపు వెనుక ఉన్న చరిత్రను గురించే ఈ నాలుగు మాటలు.

పులిగడ్డ వద్ద రెండు పాయలుగా చీలిన కృష్ణమ్మ, సముద్రంలో కలిసేలోపు తన ఒడిలో ఉంచుకున్న నేల దివిసీమ. 1977 నవంబరు 19, శనివారం నాడు సుమారు 5 మీటర్ల ఎత్తున సముద్రం ఆ నేల మీదికి వచ్చింది. అధికారిక లెక్కల ప్రకారమే మృతులు దాదాపు 10,000 మంది. అంతకు 113 ఏళ్ల క్రితం, 1864 నవంబరు 1న, బందరును ముంచిన ఉప్పెనలో 30,000 మంది పోయారని అంచనా.

1977లో మండలి వెంకట కృష్ణారావు వంటివారు ముందుండి సహాయ కార్యక్రమాలు నడిపారు. బియ్యం వచ్చింది, బట్టలు వచ్చాయి, పక్కా ఇళ్లు లేచాయి. బతికి బయటపడినవాని మనసుకు మాత్రం పరిహారపు పద్దులలో చోటు దొరకలేదు.

తాడిచెట్టును కౌగిలించుకుని తాను మిగిలి, చేతిలోని బిడ్డను నీటికి వదులుకున్న తండ్రిని తలచుకోండి. మరునాడు శవాలను మోయవలసినవాడూ, ఆపైన మళ్లీ వల పట్టవలసినవాడూ అతడే. ఏడిస్తే మగవాడివై ఉండి ఇదేమిటన్నారు. నిద్రలో కేకలు వేస్తే గాలి సోకిందన్నారు. తాగితే తాగుబోతన్నారు. రోగి అన్నవారు అరుదు.

తప్పు ఊరిది మాత్రమే కాదు. ఆ రోగానికి నేటి పేరైన 'పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్' అమెరికా మానసిక వైద్యుల సంఘపు గ్రంథంలో చేరినది 1980లో; వియత్నాం యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికుల బాధ అందుకొక ముఖ్య కారణం. కుంగుబాటుకు మందు మాత్రం అప్పటికే ఉంది. ఇమిప్రమిన్ గుణాన్ని స్విట్జర్లాండులో రోలాండ్ కూన్ 1957లోనే ప్రకటించాడు. మందుకూ మనిషికీ మధ్య దారే లేదు. మన జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైనది 1982లో.

నేడు ఆ తండ్రికి రెండు మార్గాలున్నాయి. మొదటిది మాట. శిక్షణ పొందిన నిపుణుని ఎదుట ఆ రాత్రిని కొద్దికొద్దిగా చెప్పి, "నేనే వదిలేశాను" అన్న నిందను పరీక్షించి చూడటం. సాధారణంగా 8 నుంచి 12 సార్లు కూర్చోవాలి. రెండవది మందు. సెర్ట్రలిన్ వంటివి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. లైంగికాసక్తి తగ్గిందని కొందరు మగవారు ఎవరికీ చెప్పకుండా మానేస్తారు. చెబితే వైద్యుడు మోతాదునో మందునో మార్చగలడు. తమంతట తాము హఠాత్తుగా ఆపరాదు. నిద్ర కోసం వాడే డయాజిపామ్ వంటివి అలవాటుగా మారతాయి, మద్యంతో కలిస్తే ప్రాణాంతకం కావచ్చు.

2022లో మొదలైన టెలీ మానస్ 14416 సంఖ్యకు తెలుగులోనే మాట్లాడవచ్చు. 2023లో బందరులోనే ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. గుడివాడ నుంచీ, అవనిగడ్డ నుంచీ దారి ఇప్పుడు దగ్గరే.

ఆనాటి యువకులు నేడు డెబ్బై దాటినవారు. మీ ఇంట అటువంటి పెద్దవారుంటే, వచ్చే కార్తీకంలో పక్కన కూర్చుని ఒకసారి అడగండి. చెప్పింది తొందరపెట్టక వినండి. చెప్పలేకపోతే వైద్యుని దగ్గరకు తోడు వెళ్లండి.