సీసా గోడలో మిగిలిన వాయువు

నూనె, మందులు, పానీయాలు, త్రాగునీరు – నేడు ఇవన్నీ ప్లాస్టిక్ సీసాలలోనే మన ఇళ్లకు వస్తున్నవి. ప్లాస్టిక్ సీసా పగలదు, తేలిక, చవుక. అయితే ఆ సీసా తనలో పోసిన వస్తువును ఉన్నదున్నట్లు కాపాడుతున్నదా, లేక తన గోడలలో ఉన్నదానిని కొంత అందులో కలుపుతున్నదా? 1970 తరువాతి సంవత్సరాలలో ఈ ప్రశ్న అమెరికాలోను ఐరోపాలోను గట్టిగా వినిపించినది. పరిశ్రమలవారు దానికి మొదట చెప్పిన సమాధానమేమి, తరువాత నిజముగా జరిగినదేమి అన్న చరిత్ర, రసాయనశాస్త్రము చదివే విద్యార్థులు తెలిసికొనదగినది. అందులో కార్మికుల ప్రాణాలు పోయిన కథ ఉన్నది. అసాధ్యమన్న పని కొద్ది కాలములోనే సాధ్యమైన కథ కూడ ఉన్నది.

దండ, విడి పూలు

నీటి గొట్టాలకు, విద్యుత్ తీగల తొడుగులకు వాడే పాలివినైల్ క్లోరైడును వాడుకలో పి.వి.సి. అంటారు. ఇది వినైల్ క్లోరైడ్ అనే వాయువునుండి తయారవుతుంది. ఈ వాయువు అణువులో రెండు కార్బన్, మూడు హైడ్రోజన్, ఒక క్లోరిన్ పరమాణువులు ఉన్నవి. రెండు కార్బన్‌ల నడుమ ఉన్న ద్విబంధము తెరచుకొన్నప్పుడు ఒక అణువు పక్క అణువుతో చేయి కలుపుతుంది. అది మరొకదానితో కలుపుతుంది. ఇట్లు వందలు, వేలు అణువులు చేరి పొడవైన గొలుసు ఏర్పడుతుంది. విడి అణువును మోనోమర్ అని, గొలుసును పాలిమర్ అని అంటారు.

ఈ రెండింటి స్వభావాలకు పోలిక లేదు. పాలిమర్ ఘన పదార్థము. సులభముగా చర్యలో పాల్గొనదు. మోనోమర్ చిన్నది, చురుకైనది. జీవకణాలలోనికి చొరబడి అక్కడి పదార్థాలతో చర్య జరుపగలదు. ఈ భేదము ఎంత పెద్దదో మన రాష్ట్రములోనే ఒకసారి తెలిసివచ్చినది. 2020 మే 7వ తేదీన విశాఖపట్నము దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురములో నిలువ తొట్టినుండి వెలువడిన స్టైరీన్ ఆవిరి జనుల ప్రాణాలు తీసినది. ఆ స్టైరీన్ అణువులే గొలుసుగా మారినప్పుడు తినుబండారాలు పెట్టే గిన్నెలకు పనికివచ్చే పాలీస్టైరీన్ అవుతున్నది.

దండ గుచ్చిన తరువాత బుట్ట అడుగున కొన్ని విడి పూలు మిగిలినట్లు, పాలిమర్ తయారైన తరువాత కొంత మోనోమర్ గొలుసులో చేరక మిగిలిపోతుంది. అది పి.వి.సి. రేణువుల మధ్య చిక్కుకొని ఉండి, మెల్లగా బయటికి వస్తుంది. చెప్పబోయే చరిత్రకంతకు మూలము ఈ మిగిలిన కొద్దిపాటి వాయువే.

తొట్టిలోనికి దిగిన మనుష్యులు

వినైల్ క్లోరైడును 1835లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రెన్యో తయారుచేసినాడు. 1872లో బామన్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు, ఎండలో ఉంచిన ఈ వాయువు తెల్లని గట్టి పదార్థముగా మారుటను వర్ణించినాడు. అయితే ఆ పదార్థము పెళుసుగా ఉండుటచేత చాలాకాలము ఎవరికిని పనికిరాలేదు. 1926లో అమెరికాలో బి.ఎఫ్. గుడ్రిచ్ కంపెనీలో పనిచేయుచున్న వాల్డో సీమన్ దానిని మెత్తగా, వంగేటట్లు చేసే ఉపాయము కనుగొన్నాడు. అటుపైన పి.వి.సి. ప్రపంచమంతట వ్యాపించినది.

పాలిమర్ తయారుచేసే పెద్ద ఉక్కు తొట్ల గోడలకు ప్రతిసారి కొంత పదార్థము అంటుకొని పోయేది. కార్మికులు తొట్టిలోనికి దిగి దానిని గీకి తీసేవారు. లోపల వాయువు మిగిలి ఉండేది. దానికి కొద్దిగా తీపి వాసన. ఎక్కువగా పీల్చినవారికి తల తిరిగేది. 1960 తరువాత ఈ పనిచేసేవారిలో కొందరికి వ్రేళ్ల చివరి ఎముకలు కరిగిపోవుచున్నట్లు వైద్యులు గమనించినారు. అయినను ఇది కొద్దిమందికే కలిగే చిన్న వ్యాధి అని, వాయువు పెద్ద ప్రమాదకారి కాదని పరిశ్రమలో చాలామంది తలచినారు. అప్పటి అమెరికా నిబంధన ప్రకారము కర్మాగారము గాలిలో పది లక్షల భాగాలకు 500 భాగాల వరకు వినైల్ క్లోరైడ్ ఉండవచ్చును.

దాచిన ఫలితము

ఇటలీలో సాల్వే కంపెనీ కర్మాగారములో వైద్యుడైన పియెర్‌లూయీజీ వియోలా వ్రేళ్ల వ్యాధిని అర్థము చేసికొనుటకు ఎలుకలచేత ఈ వాయువును పీల్పించినాడు. ఆయన వెదకినది ఎముకల వ్యాధి. ఎలుకలలో కనిపించినది కాన్సరు. ఈ సంగతిని ఆయన 1970లో హ్యూస్టన్ నగరములో జరిగిన అంతర్జాతీయ కాన్సరు మహాసభలో వెల్లడించినాడు. ఆయన వాడిన మోతాదు చాల ఎక్కువ గనుక, తక్కువ మోతాదులో ఏమగునో చూడవలెనని ఐరోపాలోని కంపెనీలు బొలోన్యా నగర శాస్త్రజ్ఞుడు చేజరే మాల్తోనికి పని అప్పగించినవి. మాల్తోని క్రమపద్ధతిలో మోతాదులు తగ్గించుకొంటూ పోయినాడు. పది లక్షలకు 250 భాగాలు మాత్రమే ఉన్న గాలిని పీల్చిన ఎలుకలకు కూడ కాన్సరు వచ్చినది. అనగా కార్మికులకు క్షేమమని చట్టము అనుమతించిన మోతాదులో అది సగము!

ఈ ఫలితము 1972 చివరికే కంపెనీలకు తెలిసినది. కాని దానిని రహస్యముగా ఉంచవలెనని ఐరోపా, అమెరికా కంపెనీల మధ్య ఒప్పందము ఉన్నది. 1973 జులైలో అమెరికా పరిశ్రమల ప్రతినిధులు కార్మికుల ఆరోగ్యాన్ని పరిశీలించే ప్రభుత్వ సంస్థను కలిసికొన్నారు. మాల్తోని ఫలితాన్ని మాత్రము చెప్పలేదు. ఈ సంగతులు చాలా ఏండ్ల తరువాత న్యాయస్థానాలకు వచ్చిన కాగితాలవలన బయటపడినవి.

1974 జనవరిలో మౌనము వీడక తప్పలేదు. కెంటకీ రాష్ట్రము, లూయివిల్ నగరములోని గుడ్రిచ్ కర్మాగారములో పనిచేసిన ముగ్గురు కార్మికులు కాలేయములోని రక్తనాళాలకు వచ్చే ఆంజియోసార్కోమా అనే కాన్సరుతో మరణించినారు. ఇది ఎంత అరుదైన వ్యాధి అంటే, ఒక్క ఊరిలో ఒక్క కర్మాగారములో మూడుసార్లు కనిపించుట యాదృచ్ఛికమని ఎవరును అనలేరు. కర్మాగార వైద్యుడు ఈ పోలికను గుర్తించినాడు. కంపెనీ ప్రభుత్వానికి తెలియజేసినది. ఇటలీలో ఎలుకలలో కనిపించినది కూడ ఈ వ్యాధియే.

“పరిశ్రమ నిలువదు”

1974 ఏప్రిల్‌లో ప్రభుత్వము 500 భాగాల హద్దును తాత్కాలికముగా 50కి తగ్గించినది. కొలతకు అందనంత తక్కువగా ఉండవలెనని మే నెలలో ప్రతిపాదించినది. ఆ వేసవిలో జరిగిన విచారణలలో పరిశ్రమలవారి వాదము ఒక్కటే: ఇది సాంకేతికముగా అసాధ్యము. ప్లాస్టిక్ పరిశ్రమల సంఘము సమర్పించిన అంచనాలో ఇరవై లక్షల దాకా ఉద్యోగాలు పోవునని, 6,500 కోట్లనుండి 9,000 కోట్ల డాలర్ల వరకు ఉత్పత్తి నష్టమగునని ఉన్నది. ప్రభుత్వము కొంత మెత్తబడి, ఎనిమిది గంటల సగటున పది లక్షలకు ఒక భాగము అన్న హద్దు నిర్ణయించినది. పరిశ్రమ న్యాయస్థానానికి వెళ్లినది. 1975 జనవరిలో అక్కడ ఓడిపోయినది. ఏప్రిల్‌లో నిబంధన అమలులోనికి వచ్చినది.

తరువాత జరిగినది ఇంజనీర్ల పని. తయారైన పి.వి.సి. రేణువులు నీటిలో ముద్దగా ఉన్నప్పుడే వాటిగుండా ఆవిరిని పంపి, చిక్కుకొన్న వాయువును తరిమివేసే పద్ధతి వచ్చినది. వినైల్ క్లోరైడ్ సున్నకు దిగువన 13 డిగ్రీల సెంటీగ్రేడు వద్దనే మరిగే పదార్థము గనుక, వేడి తగలగానే అది బయటికి వస్తుంది. దానిని పట్టి, చల్లార్చి, తిరిగి తొట్టిలో వాడుకొన్నారు. ఇదివరకు గాలిలో వృథాగా పోయిన ముడిసరుకు మిగిలినది. తొట్టి గోడలకు పదార్థము అంటకుండ పూతలు వచ్చినవి. మనుష్యుడు దిగవలసిన చోట బలమైన నీటిధారలు పనిచేసినవి. పరిశ్రమ మూతపడలేదు, కొద్ది కాలములోనే నిబంధనకు లోబడినది. లాభము కూడ కలిగినది. అందరికంటె ముందు ఉపాయము కనుగొన్న గుడ్రిచ్ కంపెనీ ఆ పద్ధతిని ఇతరులకు రుసుముపై ఇచ్చినది.

వాయువు సీసాకు ఎక్కిన విధము

గాలిలో ఉన్న వాయువు కార్మికుని బాధించినట్లే, ప్లాస్టిక్‌లో మిగిలిన వాయువు సీసా కొన్నవారి నోటికి చేరవచ్చును. 1973లో అమెరికాలో పి.వి.సి. సీసాలలో నింపిన మద్యములో వినైల్ క్లోరైడ్ ఉన్నట్లు తేలినది. ఆ సంవత్సరము మే నెలలోనే అట్టి సీసాలు మద్యానికి వాడకుండ ప్రభుత్వము ఆపుచేసినది. అప్పటికి ఇంకను లూయివిల్ వార్త రాలేదు. 1975లో ఆహార-ఔషధ పరిపాలన సంస్థ గట్టి పి.వి.సి.తో చేసిన ఆహారపు సీసాలన్నిటిని నిషేధింపవలెనని ప్రతిపాదించినది.

కార్మికుల కొరకు కనుగొన్న ఆవిరి పద్ధతి ఇక్కడ కూడ అక్కరకు వచ్చినది. రేణువులలోనే వాయువు లేకున్న సీసాలోనికి వచ్చుట ఎక్కడనుండి? 1978లో ఐరోపా దేశాల కూటమి, ఆహారాన్ని తాకే పి.వి.సి. వస్తువులో కిలోగ్రాముకు ఒక మిల్లిగ్రాము కంటె ఎక్కువ వినైల్ క్లోరైడ్ ఉండరాదని చట్టము చేసినది. అమెరికాలో మిగులు అంతగా తగ్గుటచేత 1986లో నిషేధ ప్రతిపాదనను ఉపసంహరించినారు.

కనబడనిది లేనిదా?

పి.వి.సి. వివాదము సాగుచుండగనే మరొక సీసా వివాదములో పడినది. మోన్సాంటో కంపెనీ ఆక్రిలోనైట్రైల్ మోనోమర్ ఆధారముగా చేసిన ప్లాస్టిక్ సీసాలలో కోకా-కోలా పానీయము అమ్మకానికి వచ్చినది. ఆక్రిలోనైట్రైల్ కలిపిన నీరు త్రాగిన ఎలుకలలో కణుతులు కనిపించుటతో 1977లో ప్రభుత్వము ఆ సీసాలను నిషేధించినది. సీసా కర్మాగారాలు మూతపడి కార్మికులు పనులు పోగొట్టుకొన్నారు. నిషేధానికి వెల ఉండదని చెప్పుట సరికాదు.

కంపెనీ వాదము వేరు విధముగా ఉన్నది: మా కొత్త సీసాలలోని పానీయములో ఎంత పరీక్షించినను ఆక్రిలోనైట్రైల్ కనబడలేదు. ప్రభుత్వ సమాధానము భౌతికశాస్త్రమునుండి వచ్చినది: గాఢత ఎక్కువ ఉన్న చోటినుండి తక్కువ ఉన్న చోటికి అణువులు వ్యాపించి తీరును, సాధనానికి అందకపోయినంత మాత్రాన అవి లేవనుకొనరాదు. 1979లో న్యాయస్థానము, ఈ సిద్ధాంతమొక్కటే చాలదు, ఎంత వచ్చునో, అది లెక్కింపదగినంత ఉన్నదో లేదో తేల్చవలెనని విషయాన్ని తిరిగి పంపినది. మిగిలిన మోనోమరును బాగుగా తగ్గించే పద్ధతి వచ్చిన పిమ్మట, 1984లో కఠినమైన హద్దుతో ఆ సీసాలకు అనుమతి లభించినది. అప్పటికి శీతల పానీయాల వర్తకము పెట్ అనే మరొక ప్లాస్టిక్ వశమై ఉన్నది.

“కనబడలేదు” అన్న మాట బిస్ఫినాల్-ఎ విషయములో మరల వినిపించినది. ఇది పాలికార్బొనేట్ సీసాలకు, ఆహారపు డబ్బాల లోపలి పూతకు ముడిసరుకు. దీనికి స్త్రీ హార్మోనువంటి గుణము ఉన్నదని లండనులో డాడ్స్ బృందము 1936లోనే కనుగొన్నది. 1993లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో ఈస్టు మీద పనిచేయుచున్న శాస్త్రజ్ఞులకు హార్మోను జాడ దొరికినది; అది ఈస్టునుండి కాదు, ఆవిరితో వేడిచేసిన పాలికార్బొనేట్ కుప్పెలనుండి వచ్చినదని తేలినది. తయారీదారుల పరీక్షకు వంద కోట్ల భాగాలలో పది భాగాలకు దిగువన ఏమియు కనిపించదు. శాస్త్రజ్ఞుల కణాలు రెండు నుండి అయిదు భాగాలకే స్పందించినవి.

తరువాత రెండు దశాబ్దాలు వాదప్రతివాదాలు జరిగినవి. 2011లో ఐరోపా పాలసీసాలలో దీనిని నిషేధించినది. 2012లో అమెరికాలో పాలసీసాలకు అనుమతి తొలగించినారు. అయితే కోరినది రసాయన పరిశ్రమల సంఘమే, చూపిన కారణము హాని కాదు, తయారీదారులు దాని వాడకమును ఇదివరకే మానివేసినారన్నది. మన దేశములో 2015 నాటి భారత ప్రమాణము పసిబిడ్డల పాలసీసాలలో బిస్ఫినాల్-ఎ ఉండరాదన్నది. 2023లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ రోజుకు తీసికొనదగిన హద్దును తన 2015 నాటి హద్దుకంటె ఇరవై వేల రెట్లు తగ్గించినది. జర్మనీలోని ప్రభుత్వ సంస్థ ఆ లెక్కను అంగీకరింపక వేయి రెట్లు ఎక్కువ హద్దు సూచించినది. కాని అది కూడ పాత హద్దుకంటె ఇరవై రెట్లు తక్కువే. 2025 జనవరిలో ఆహారాన్ని తాకే వస్తువులలో బిస్ఫినాల్-ఎ నిషేధము ఐరోపాలో అమలులోనికి వచ్చినది. పరిశ్రమకు మారుటకు గడువు ఇచ్చినారు. ఈలోగా కొందరు తయారీదారులు దాని బదులు బిస్ఫినాల్-ఎస్ వాడసాగినారు. నిర్మాణములోను, హార్మోను గుణములోను అది మొదటిదానికి దగ్గరి చుట్టమే.

విద్యార్థి అడుగవలసిన ప్రశ్న

ఈ చరిత్ర చదివి ప్లాస్టిక్ అంతా విషమని భయపడనక్కరలేదు. ప్రతి పాత్ర తనలోని వస్తువునకు అణుమాత్రమైనను ఇస్తుంది; ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు నిలువ ఉంచరాదని మన పెద్దలకు తెలియదా? మన దేశములో 2018 నాటి ఆహార భద్రతా నిబంధనలు కూడ ప్యాకింగు ప్లాస్టిక్‌నుండి ఆహారములోనికి చేరే పదార్థమంతా కలిసి కిలోగ్రాముకు 60 మిల్లిగ్రాములు మించరాదన్నవి. కనుక “వచ్చునా, రాదా” అన్నది సరియైన ప్రశ్న కాదు. ఏది వచ్చును, ఎంత వచ్చును, ఆ కొద్దిలో ఏమి చేయును అన్నవి అడుగవలెను.

“ఏమియు కనబడలేదు” అని ఎవరైన అన్నప్పుడు, ఏ సాధనముతో చూచినారు, అది ఎంత తక్కువ చూడగలదు అని అడుగవలెను. “అసాధ్యము” అన్నప్పుడు, ప్రయత్నించి చెప్పుచున్నారా, ప్రయత్నింపక ముందే చెప్పుచున్నారా అని అడుగవలెను. వినైల్ క్లోరైడును పట్టుటకు కావలసిన ఆవిరి, గొట్టాలు 1974కు ముందు కూడ ఉన్నవే. కొరవడినది ఆ పని చేయవలెనన్న నిర్బంధము. మాల్తోని ఎలుకల సంగతి తెలిసిన తరువాత కూడ, అది తెలియని కార్మికులు ఏడాదికి పైగా ఆ తొట్లలోనికి దిగుచునే ఉన్నారు.