పేరొక్కటి – ప్రభువులు పెక్కురు

తాత పేరు మనుమనికి పెట్టుట మన సీమలో తరతరముల ఆచారము. అందుచే ఒక్క గ్రామముననే నలుగురు వెంకన్నలు, ముగ్గురు సుబ్బమ్మలు ఉండుట వింత గాదు. గ్రామలెక్కలలో ఇంటిపేరును తండ్రిపేరును చేర్చి వ్రాయుట ఇందులకే. అవి విడిచినచో ఒకని భూమి వేరొకని పేర నెక్కును. ఒకని బాకీ వేరొకని మెడకు చుట్టుకొనును. ఈ చిక్కు సామాన్యులకే గాక, గోదావరీతీరము నేలిన ప్రభువులకును తప్పలేదు.

క్రీ. శ. 624 ప్రాంతమున వేంగీరాజ్యమును స్థాపించిన చాళుక్యుడు కుబ్జ విష్ణువర్ధనుడు. అతని వంశమున విష్ణువర్ధన, విజయాదిత్య నామములు మరల మరల వచ్చినవి. నేటి చరిత్రకారులు మొదటివాడు, రెండవవాడు అని సంఖ్యలు వేసి విడదీయుచున్నారు గాని, ఆనాటివారు బిరుదములచే గుర్తించిరి. నూటయెనిమిది యుద్ధములు చేసి, అన్ని శివాలయములు కట్టించెనని శాసనములు చెప్పు విజయాదిత్యుడు నరేంద్రమృగరాజు. అతని కుమారుడు కలి విష్ణువర్ధనుడు. మనుమడు గుణగ విజయాదిత్యుడు. కొల్లభిగండ విజయాదిత్యుడు మఱియొకడు.

అంతతో తనియక, తామ్రశాసనములు వ్రాసినవారు వంశక్రమమును మొదటినుండి చెప్పి, ఒక్కొక్కరు ఏలిన కాలమునుగూడ తెలిపిరి. కుబ్జ విష్ణువర్ధనుడు 18 ఏండ్లు, అతని కుమారుడు జయసింహుడు 33 ఏండ్లు, జయసింహుని తమ్ముడు ఇంద్రభట్టారకుడు 7 దినములు. వారము దినముల రాజునైనను లెక్కనుండి తొలగింపని ఆ నిష్ఠవలననే నేడొక విజయాదిత్యుని వేరొక విజయాదిత్యునినుండి వేరుచేయ వీలగుచున్నది.

తరువాత పెండ్లి సంబంధములవెంట పేర్లు తంజావూరినుండి వేంగికి నడచివచ్చినవి. బృహదీశ్వరాలయమును నిర్మించిన రాజరాజచోళుని (985–1014) అక్క పేరు కుందవ. కుమార్తె పేరును కుందవయే. ఈ రెండవ కుందవను వేంగీశ్వరుడగు విమలాదిత్యుడు పరిణయమాడెను. వారి కుమారునికి మాతామహుని పేరు వచ్చెను. 1022లో పట్టాభిషిక్తుడై, నన్నయభట్టారకునిచే మహాభారతమును తెనిగింప నారంభింపజేసిన రాజరాజనరేంద్రుడితడే. ఇతడు రాజేంద్రచోళుని కుమార్తెయగు అమ్మంగదేవిని చేపట్టగా కలిగిన కుమారునికిని మాతామహుని పేరే వచ్చెను. 1070లో చోళసింహాసనమెక్కి కులోత్తుంగుడని ప్రసిద్ధినందిన రాజేంద్రుడితడు.

ఈ చిక్కులు వంశవృక్షమును ముందుంచుకొన్న విడిపోవును. అంత సులభముగ విడిపోనిది మఱియొకటి కలదు. సవతితల్లి చిత్రాంగి చెప్పిన నిందను నమ్మి, తండ్రి సారంగధరుని కాలుసేతులు నరికించెనను కథ ఎరుగనివారు మన జిల్లాలలో అరుదు. ఆ తండ్రి రాజరాజనరేంద్రుడనియే జనుల నమ్మకము. రాజమహేంద్రవరమున సారంగధరుని పేర నొక మెట్టయు కలదు.

అయితే, 15వ శతాబ్దివాడగు గౌరన నవనాథచరిత్రమున ఈ కథ మాళవదేశమున జరిగినది. తండ్రి పేరు రాజమహేంద్రుడు. ఆ పేరును మన నగరము పేరును ఒకటిగా వినబడుటచే కథ గోదావరి యొడ్డునకు చేరినది. 17వ శతాబ్దిలో చేమకూర వేంకటకవి సారంగధర చరిత్రమున రాజరాజనరేంద్రుడే తండ్రియయ్యెను. అటుపిమ్మట నాటకములును, 1957 నాటి చలనచిత్రమును ఆ నిందను ఇంటింటికి చేర్చినవి. శాసనములలో ఆ రాజునకు సారంగధరుడను కుమారుడు కానరాడు.

మఱి రాజమహేంద్ర శబ్దమైన రాజరాజునకే చెందినదా యనిన, అదియును గాదు. అతనికి నూరేండ్లకు పూర్వము వేంగి నేలిన అమ్మరాజునకు (921–927) ఆ బిరుదము కలదు. నగరమునకు పేరు అతనివలననే వచ్చినదను పండితులు కలరు. ఇట్లు ఒకరి బిరుదము, వేరొకరి పాపము చేరి, తెలుగుజాతికి భారతమును ప్రసాదింపజేసిన ప్రభువు కన్నకొడుకును హింసించినవాడుగ నిలిచెను.

కథ కథగా రమ్యమే. దానిని మానవలసిన పనిలేదు. కాని గ్రంథాలయమునకు వచ్చు యువకులు పుస్తకమున నొక పేరు కనబడగనే తృప్తినొందక, ఎవరి కుమారుడు, ఏ యేటివాడు, ఏ శాసనము చెప్పినది అని అడుగు అలవాటు చేసికొనవలెను. బ్రతికియున్నవాడు పొరపాటున తన పేర నెక్కిన బాకీని అర్జీ పెట్టి తొలగించుకొనగలడు. ఏనాడో గతించినవాడు వచ్చి, “ఆతడు నేను గాను” అని చెప్పుకొనజాలడు. ఆ మాట అతని పక్షమున చెప్పవలసినవారు చదువరులే.