గురుడి రేడియో సంకేతాల్లో అయో పాత్ర: కోల్‌కతా నుంచి వింటే ఏది నమ్మాలి?

గురుగ్రహం రేడియో తరంగాలు వెలువరిస్తుందని 1955లో అమెరికా శాస్త్రజ్ఞులు బర్నార్డ్ బర్క్, కెన్నెత్ ఫ్రాంక్లిన్ 22.2 మెగాహెర్ట్జ్ దగ్గర కనుగొన్నారు. ఆ తరంగాలు ఎప్పుడు పడితే అప్పుడు రావని 1964లో ఆస్ట్రేలియాకు చెందిన ఇ.కె. బిగ్ తేల్చారు. భూమి నుంచి చూస్తే గురుడి వెనక ఉండే స్థానం నుంచి కొలిస్తే, గురుడి ఉపగ్రహమైన అయో సుమారు 90, 240 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు సంకేతాలు ఎక్కువగా అందుతున్నాయి.

ఇది గణాంకాల సంబంధం మాత్రమే కాదు, దీనికి భౌతిక కారణమూ ఉంది. అయో గురుణ్ణి చుట్టి రావడానికి సుమారు 42.5 గంటలు పడుతుంది. గురుడు, దానితోపాటు దాని అయస్కాంత క్షేత్రం, పది గంటల లోపే ఒకసారి తిరుగుతాయి. అంటే ఆ క్షేత్రం అయోను నిరంతరం దాటుకుంటూ పోతుంది. ఆ కదలికకు పుట్టిన విద్యుత్ ప్రవాహాల వల్ల ఎలక్ట్రాన్లు క్షేత్రరేఖల వెంట ధ్రువాల వైపు దూసుకుపోయి అక్కడ రేడియో తరంగాలను వెలువరిస్తాయి. వాటి పౌనఃపున్యం అక్కడి అయస్కాంత క్షేత్రబలాన్ని బట్టి ఉంటుంది. క్షేత్రబలం ఒక్కో గాస్‌కు 2.8 మెగాహెర్ట్జ్ చొప్పున లెక్కిస్తే, ఆ రేఖల వెంట గరిష్ఠంగా సుమారు 14 గాస్ ఉన్న చోట పౌనఃపున్యం 39 మెగాహెర్ట్జ్ దాటుతుంది. సంకేతాలు దాదాపు 40 మెగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోవడం ఈ వివరణకు బలమైన ఆధారం. ఈ తరంగాలు బోలు శంకువు ఆకారంలో వెలువడతాయి. దాని అంచు భూమి వైపు తిరిగినప్పుడే మనకు అందుతాయి.

కోల్‌కతాలో వినేవారికి అసలు చిక్కు భూమి పై వాతావరణంలోని అయనీకృత పొరలైన అయనావరణంతో వస్తుంది. భూమధ్యరేఖకు ఉత్తరాన అయనీకరణం బాగా పెరిగే పట్టీకి కోల్‌కతా దగ్గరగా ఉంది. సూర్యాస్తమయం తర్వాత ఆ పొరల్లో కలిగే అలజడికి రేడియో సంకేతాలు మిణుకుమిణుకుమంటాయి. ఆ మిణుకును గురుడి రేడియో పేలుడుగా, అంటే ఒక్కసారిగా ఉప్పొంగే సంకేతంగా, పొరబడే ప్రమాదం ఉంది. సెకన్ల పాటు సాగే దీర్ఘ పేలుళ్ల హెచ్చుతగ్గులకూ ప్రధాన కారణం అయో కాదు, దారిలో ఉన్న సౌరపవనం. అయో ముద్ర స్పష్టంగా కనిపించేది మిల్లీసెకన్లలో ముగిసే హ్రస్వ పేలుళ్లలో.

ప్రభావం అయోది ఒక్కదానిదే అనుకోవడమూ సరికాదు. అయోతో సంబంధం లేని సంకేతాలూ ఉన్నాయి. ఫ్రాన్స్‌లోని నాన్సే కేంద్రంలో ఏళ్ల తరబడి సేకరించిన రికార్డులు పరిశీలించి, గురుడి మరో ఉపగ్రహమైన గానిమీడ్ ప్రభావాన్ని 2018లో గుర్తించారు.

డాబా మీద రెండు డైపోల్ యాంటెన్నాలు కట్టి 20 మెగాహెర్ట్జ్ దగ్గర వినే విద్యార్థులు మూడు విషయాలు సరిచూసుకోవాలి. అయో స్థానం, భూమికి ఎదురుగా ఉన్న గురుడి రేఖాంశం రెండూ తెలిసిన పరిధుల్లో ఉండాలి. దూరంగా ఉన్న మరో కేంద్రంలోనూ అదే సంకేతం అదే సమయంలో నమోదు కావాలి. ఆ రాత్రి అయనావరణం నిలకడగా ఉండాలి. ఈ మూడూ కుదిరేదాకా నోటు పుస్తకంలో ‘అయోది కావచ్చు’ అని మాత్రమే రాయండి.