సీలు కవరు తెరచిన పిమ్మట

ప్రభుత్వమువారు ఒక వంతెన కట్టింపదలచినచో టెండర్లు పిలుతురు. గుత్తేదారులు తమ ధరలను సీలు వేసిన కవరులలో నుంచి పంపుదురు. గడువు ముగియువరకు ఒకరి ధర మరియొకరికి తెలియరాదు. తెలిసినచో పోటీయే లేదు. ఈ రహస్యము న్యాయమైనదే. కాని కవరు తెరచి, పని యొకరికి అప్పగించి, బిల్లులు చెల్లించిన పిమ్మట గూడ ఆ కాగితములు రహస్యముగనే యుండవలెనా? ఈ ప్రశ్నకు చరిత్ర యేమి చెప్పుచున్నదో నేడు ముచ్చటింతము.

కౌటిల్యుడు అర్థశాస్త్రమున రాజద్రవ్యము నపహరించు మార్గములను నలుబదిగా లెక్కించెను. లెక్కల నుంచుటకు అక్షపటలమను కచేరిని విధించెను. అయితే ఆ లెక్కలు రాజు చూచుటకే గాని ప్రజలు చూచుటకు గాదు. ప్రభుత్వపు కాగితము ప్రజలదను భావము చాల కాలమునకు గాని చట్టమునకెక్కలేదు. 1766 డిసెంబరు 2వ తేదీన స్వీడను దేశము, కొన్ని విషయములను మినహాయించి, ప్రభుత్వ పత్రములను చూచు హక్కును పౌరులకు ప్రసాదించెను. ఈ విషయమున శాసనములలో అదియే మొదటిది. అందులకై పాటుపడినవారిలో ఆండర్స్ చుడేనియస్ అను మతాచార్యుడు ముఖ్యుడు.

మనదేశమున దారి వేరైనది. 1923 నాటి అధికార రహస్యముల చట్టము నీడలో కచేరీ కాగితము లోకమునకు కనబడకుండుటయే వాడుకయయ్యెను. ఆ వాడుకను కదలించినవారు రాజస్థానపు కూలిజనము. కరవు పనులలో చట్టప్రకారము రావలసిన కూలి చేతికి రాకపోగా, వారు మస్టరు రోలులను, బిల్లులను చూపుడని అడిగిరి. మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 డిసెంబరు 2న కోట్ కిరానా గ్రామమున తొలి బహిరంగ విచారణ జరిపెను. ఇట్టి సభలలో కచేరీ లెక్కలను ఊరివారి యెదుట చదివిరి. పూర్తికాని కట్టడములు పూర్తియైనట్లును, పనిచేయనివారు కూలి పుచ్చుకొన్నట్లును వ్రాసియుండుట బయల్పడెను.

1995 ఏప్రిలులో ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి నకళ్ళు ఇప్పింతుమని శాసనసభలో ప్రకటించెను. సంవత్సరము గడచినను ఉత్తరువు రాలేదు. 1996 ఏప్రిలు 6న బ్యావర్ పట్టణమున ధర్నా మొదలయ్యెను. అపుడు వచ్చిన ఉత్తరువు కాగితములను చూడవచ్చుననెనే గాని నకలు తీసికొనుటకు అనుమతింపలేదు. చూచినది మరునాడు సాక్ష్యము కాదు, నకలు సాక్ష్యమగును. కనుకనే ధర్నా నలుబది దినములు సాగెను.

ఆ ఉద్యమమే 2005 నాటి సమాచార హక్కు చట్టమునకు పునాదులలో ఒకటి. అందు 8వ సెక్షను మినహాయింపులను చెప్పుచున్నది. వ్యాపార రహస్యము వెల్లడియైనచో మూడవ పక్షమువారి పోటీస్థితికి హాని కలుగునెడల దానిని ఇయ్యనక్కరలేదు. విస్తృత ప్రజాప్రయోజనము కోరినచో ఇయ్యవచ్చును. గుత్తేదారునకు నోటీసు పంపి, పది దినములలో అతని ఆక్షేపణ వినవలెను. వినవలసినదే గాని నిర్ణయము అధికారిది.

ఇందు కీలకము ‘హాని’ యను మాట. అమెరికాలో 1966 నాటి చట్టపు 4వ మినహాయింపునకు 1974లో అక్కడి న్యాయస్థానమొకటి ఇట్టి హాని పరీక్షనే పెట్టెను. 2019లో ఆ దేశపు సుప్రీంకోర్టు దానిని త్రోసిపుచ్చెను. వర్తకుడు వాడుకగా దాచుకొనునదై, ప్రభుత్వము గోప్యతకు మాట యిచ్చి తీసికొన్నదైనచో చాలునని తీర్పు చెప్పెను. మనచట్టమున హాని యను షరతు అక్షరరూపమున నున్నది. టెండరు నిర్ణయమైన పిదప దరఖాస్తుదారుల పత్రములు వ్యాపార రహస్యములు కావని 2007లో ఝార్ఖండ్ హైకోర్టు అభిప్రాయపడెను.

మా తలంపున ఇదియే న్యాయమగు మేర. వర్తకుని పనితనపు మర్మము వర్తకునిది, దానిని కాపాడవలసినదే. కాని అతనికి చెల్లించిన ధర ప్రజల సొమ్ము. మన వీధి రోడ్డునకు అంచనా యెంత, ఎం. బుక్కని పిలువబడు కొలతల పుస్తకమున కంకర మందమెంత వ్రాసిరి, అను ప్రశ్నలు ఎవరి వ్యాపారమునకును హాని చేయవు. అవి హాని చేయునది దొంగలెక్కకు మాత్రమే. అడుగు హక్కు చట్టమున నున్నది. దానిని వాడుకొనుట గృహస్థుల వంతు.