కలం: పుల్ల నుంచి పేరు దాకా

కలం మనకు అరబ్బీ, పారశీకాల దారిన వచ్చిన మాట. మొదట దానర్థం రెల్లు పుల్ల. గ్రీకు ‘కలమోస్’ కూడా అదే. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్ల చేతుల్లో ఆ పాత కలం ఇంకా బతికే ఉంది. వెదురు పుల్లకు మొన చెక్కి, పైన గుడ్డ చుట్టి దారంతో బిగిస్తారు. చుట్టను నొక్కితే రంగు మొనలోకి దిగుతుంది.

తాటాకుల మీద రాసిన కవుల కలం గంటం, అంటే మొనదేలిన ఇనుప పుల్ల. ఒకసారి గీరితే చెరపడం కుదరదు. పేజీకి పది కొట్టివేతలుండే నేటి రచయితకు తలుచుకుంటేనే చెమటలు!

ఇక కలం పేరు అంటే దాక్కోవడమే అనుకుంటారు చాలామంది. అన్నిసార్లూ కాదు. ‘బీనాదేవి’ అంటే భాగవతుల నరసింగరావు, త్రిపురసుందరమ్మ దంపతులు. ఇద్దరిదీ ఒకే సంతకం. భర్త పోయాక, చర్చించడానికి పక్కన మనిషి లేకపోయినా, ఆవిడ ఆ పేరుతోనే రాశారు.